కప్పులో టీ ఉన్నంతవరకు

నేరం శనివారం ఉదయం పదకొండూ నలభైకి జరిగింది. ఆయుధం ఇస్త్రీపెట్టె. నిందితుణ్ణి నేనే. జిల్లా కోర్టులో ముప్ఫై ఒక్క ఏళ్ళు బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైన పానకాలరావుని. నా సర్వీసులో ఇంత స్పష్టంగా రుజువైన కేసు మరొకటి చూడలేదు. చీర పైటకొంగు మీద ఇస్త్రీపెట్టె అడుగు ఆకారం, ఆవిరి వచ్చే చిల్లులతో సహా, అచ్చుగుద్దినట్టు పడింది.

ఆ చీర నా భార్య వారిజది కాదు. తెనాలిలో ఉంటున్న ఆమె అక్క హైమవతిది. చిలకపచ్చ గద్వాల పట్టు, వంకాయరంగు అంచు, అంచు పొడుగునా జరీ హంసలు. మా వదిన స్వయంగా గద్వాల వెళ్ళి, మగ్గం పక్కన కూర్చుని, హంస మెడ ఎంత వంచాలో చెప్పి మరీ నేయించుకుందట. దీనికి జత లోకంలో లేదని ఏడాదిగా చుట్టాలందరికీ చెబుతూనే ఉంది. జ్యేష్ఠమాసంలో ఒక పెళ్ళికని వారిజ దాన్ని అరువు తెచ్చుకుంది. మర్నాడు ఆదివారం తెనాలి నుంచి నలభైమంది ఆడవాళ్ళు కొండమీద దుర్గమ్మకి ఆషాఢ సారె తెస్తున్నారు. వాళ్ళకి నాయకురాలు మా వదిన. ఆ చీరే కట్టుకోవాలి. శనివారం సాయంత్రం ఆరింటికి మా ఇంటికి వచ్చి తీసుకుంటానని కబురు చేసింది.

తిరిగి ఇచ్చేది శుభ్రంగా ఇవ్వాలని వారిజ నాకు ఇస్త్రీ పని అప్పగించింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. బందరు రోడ్డులోని స్వర్ణమేఘ గ్యాలరీ నుంచి ఒకమ్మాయి, ఆషాఢం తగ్గింపుల గురించి రెండు నిమిషాలు మాట్లాడవచ్చా అని అడిగింది. నేను మర్యాదస్తుణ్ణి. మాట్లాడవచ్చన్నాను. రెండో నిమిషంలో వాసన వచ్చింది.

వారిజ అరవలేదు. అంతకన్నా భయంకరంగా, మంచం మీద కూర్చుంది. కాసేపటికి లేచి పొద్దున పేపర్లో వచ్చిన కరపత్రం తెచ్చి నా ముందు పెట్టింది. అదీ స్వర్ణమేఘ వాళ్ళదే. అందులో ఒక సన్నటి అమ్మాయి చిలకపచ్చ గద్వాల కట్టుకుని నవ్వుతోంది. వంకాయరంగు అంచు. జరీ హంసలు. సగం ధర.

లోకంలో జతలేని చీర కరపత్రంలోకి ఎలా వచ్చిందన్నాను. అక్క చీర చూసి ఎవరో కాపీ కొట్టి ఉంటారని వారిజ తేల్చింది. "కాల్చినవాళ్ళే తేవాలి. అక్క ముందే వస్తే నేనిక్కడ ఉండి మాటల్లో పెడతాను. ఆరింటిలోగా ఇంట్లో చీర ఉండాలి," అంది.

ఒంటిగంటా పది నిమిషాలకి నేను స్వర్ణమేఘలో అడుగుపెట్టాను. అయిదంతస్తుల పాలరాతి భవనం. గుమ్మం దగ్గర పన్నీరు చల్లారు. చీరల విభాగం మొదటి అంతస్తులో ఉంది. అక్కడ నాకు ఆశ్చర్యం వేసింది. ఆషాఢం సేల్ అంటే మనుషుల మీద మనుషులు పడాలి. ఒక్క కస్టమరూ లేడు. అరల్లో ఒక్క చీరా లేదు. ప్రతి అరకీ ఒక చిన్న ఎర్రదీపం వెలుగుతోంది.

మస్తాన్ అని జేబు మీద పేరున్న సేల్స్‌మన్‌కి కరపత్రం చూపించాను.

"ఉంది సార్. ఒక్క పీసే ఉంది. కానీ ఆ చీర ఎంచుకున్న మేడం పైన టీ తాగుతున్నారు సార్. ఆమె టీ అయ్యేదాకా చీర ఆమె పేరు మీదే ఉంటుంది."

"ఎప్పట్నుంచి తాగుతోంది?"

"పదిన్నర నుంచి సార్."

నేను గడియారం చూసుకున్నాను. మస్తాన్ నన్ను జాలిగా గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు. అక్కడ బంగారురంగు చట్రంలో తేనీటి నియమావళి ఉంది. కోర్టు కాగితాలు చదివిన కళ్ళతో దాన్ని రెండుసార్లు చదివాను.

తగ్గింపు సరుకు ఎంచుకున్న ప్రతి అతిథి అయిదో అంతస్తులోని తేనీటి మందిరమందు సాయంకాలపు తేనీరు సేవించవలెను. సాయంకాలపు తేనీరు ఉదయం పదిన్నర నుంచి లభించును. కప్పులో తేనీరు ఉన్నంతవరకు సరుకు సదరు అతిథి పేరున నిలిపి ఉంచబడును. తేనీరు ముగిసిన మరుక్షణం నిలుపుదల రద్దై, సరుకు వరసలో తరువాతి అతిథికి సంక్రమించును. తేనీరు ముగించినట్లు ముద్ర పడిన టోకెనుకు మాత్రమే బిల్లు వేయబడును.

దీని పుట్టుపూర్వోత్తరాలు మస్తాన్ చెప్పాడు. వాళ్ళ ఎం.డి.గారు ఈ మధ్య విదేశం వెళ్ళొచ్చారు. అక్కడ ఒక పెద్ద దుకాణంలో, సేల్ జోరుగా సాగుతుండగా, దొరసానులు మధ్యలో ఆగి, మూడంతస్తుల పళ్ళెం ముందు కూర్చుని, ప్రశాంతంగా టీ తాగడం చూశారు. తోపులాట లేదు, తిట్లు లేవు. ఆయన కళ్ళు చెమర్చాయట. ఇక్కడికి రాగానే ఒక సలహా సంస్థని పిలిపించారు. కూర్చున్న కస్టమరు నిల్చున్న కస్టమరు కన్నా ఎక్కువ కొంటాడని వాళ్ళు నివేదిక ఇచ్చారు. నియమావళి పుట్టింది.

"బాగుంది. పొద్దుట్నుంచి ఎన్ని బిల్లులు పడ్డాయి?" అన్నాను.

మస్తాన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక్కటీ లేదు సార్."

నియమావళి మూడోసారి చదివాను. అప్పుడు తెలిసింది. టీ తాగడం పూర్తిచేసినవాడికి ముద్ర పడుతుంది, కానీ ఆ క్షణంలోనే సరుకు వరసలో తరువాతివాడికి పోతుంది. తరువాతివాడి దగ్గర సరుకు ఉంటుంది, కానీ కప్పులో టీ ఉంది కాబట్టి ముద్ర ఉండదు. ముద్ర ఉన్నవాడికి సరుకు లేదు, సరుకు ఉన్నవాడికి ముద్ర లేదు. ఇంత లోపం లేని స్టే ఆర్డరు మా కోర్టులో ఏ న్యాయమూర్తీ రాయలేదు.

అయినా మరో దారి లేదు. ఆ చీరకి రెండో వరస టోకెను తీసుకుని లిఫ్టెక్కాను.

తేనీటి మందిరం పెళ్ళి మండపమంత ఉంది. ఎనభై బల్లలు, అన్నీ నిండి ఉన్నాయి. ప్రతి బల్ల మీదా మూడంతస్తుల పళ్ళెం. కింద అంచులు కోసేసిన కీరాదోసకాయ బ్రెడ్డు ముక్కలు, మధ్యలో రూపాయి బిళ్ళంత పెసరట్లు, పైన వేలెడు కేకులు. చాలా బల్లల మీద తినేవి అయిపోయాయి. టీ మాత్రం అందరి కప్పుల్లోనూ అలాగే ఉంది. మూడువందలమంది చల్లారిన టీ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పరీక్ష హాల్లో కూడా అంత నిశ్శబ్దం ఉండదు.

గుమ్మం పక్క బల్ల వాళ్ళు నాకు ఉదయం జరిగిన ఘోరం వివరించారు. ఏలూరు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి మిక్సీ ఎంచుకుని, పేపరు చదువుతూ, అలవాటు కొద్దీ మొత్తం టీ తాగేశాడట. మిక్సీ వెంటనే వెనకబల్ల ఆవిడకి సంక్రమించింది. ఆయన ముద్ర కొట్టిన టోకెను పట్టుకుని చాలాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి ఎవరూ గుటక వెయ్యలేదు. మిక్సీ ఆవిడకైతే మరీ గండం. ఆవిడకి ఎక్కిళ్ళు వస్తున్నాయి, మంచినీళ్ళు అయిపోయాయి.

చీర పద్నాలుగో బల్ల పేరున ఉందని టోకెను మీద రాసి ఉంది. వెతుక్కుంటూ వెళ్ళాను. ఒకావిడ నా వైపు వీపు పెట్టి కూర్చుంది. రెండు చేతులతో కప్పుని పట్టుకుంది. వేళ్ళ కొసలు గోరింటాకుతో ఎర్రగా పండి ఉన్నాయి. ఎడమచేతి ఉంగరం వేలికి తాబేలు ఉంగరం.

ఆ తాబేలుని నేను ఇరవై ఆరేళ్ళుగా ఎరుగుదును.

వెనక్కి తిరిగి పారిపోదామనుకున్నాను. ఆలస్యమైపోయింది.

"ఏం మరిదీ, నువ్విక్కడ?" అంది మా వదిన హైమవతి.

"మీరు సాయంత్రం కదా వస్తానన్నారు, వదినా," అన్నాను.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆవిడ ముఖంలోనూ దొరికిపోయిన దొంగ రంగే కనిపించింది. కానీ నా నేరం బరువులో ఆ సంగతి ఆలోచించే తీరిక నాకు లేదు. కరపత్రం నా జేబులోంచి తొంగి చూస్తోంది. ఆవిడ బ్యాగులోంచీ అదే కరపత్రం తొంగి చూస్తోంది.

వారిజకి ఆశ్చర్యం కలిగిద్దామని, మీ చీరలాంటిదే ఒకటి కొనిపెడదామని వచ్చానన్నాను. ఆవిడ క్షణం కూడా తడుముకోలేదు. తనూ సరిగ్గా అందుకే వచ్చిందట. చెల్లెలికి ఆ చీర మీద మనసైందని కనిపెట్టి, ఎవరికీ చెప్పకుండా కొనిద్దామని పొద్దున్నే ప్యాసింజరెక్కి వచ్చిందట.

"గద్వాల్లో మీరు చెప్పి నేయించిందాన్ని చూసి కాపీ కొట్టినట్టున్నారు," అన్నాను.

"అంతే. మనుషులకి సిగ్గులేదు," అంది వదిన, కప్పులోకి చూస్తూ.

ఒకటిన్నర నుంచి మూడున్నర దాకా నేను ఆవిడ ఎదుట కూర్చున్నాను. నాకూ ఒక కప్పు తెచ్చి పెట్టారు. డికాషన్ వేరే, పాలు వేరే, పంచదార గడ్డలు వేరే. కలుపుకుంటే ఆసుపత్రి గోడ రంగు వచ్చింది. తాగాలన్న కోరిక కలగకపోవడం ఒక విధంగా మేలే చేసింది.

ఆ రెండు గంటల్లో తేనీటి పరిపాలన ఎలా వికసించిందో కళ్ళారా చూశాను. మందిరానికి అధిపతి త్రిలోచన్ అనే యువకుడు. కోటు మీద అతిథి విరామ పర్యవేక్షణాధికారి అనే పలక ఉంది. ఒక గుంటూరు ఆయన టీని సాసరులో పోసుకున్నాడు. కప్పు ఖాళీ అయింది కాబట్టి నిలుపుదల రద్దని గుమస్తా అన్నాడు. టీ తాగలేదు, చల్లార్చుకుంటున్నానని ఆయన అన్నాడు. త్రిలోచన్ పైకి ఫోన్ చేసి, పది నిమిషాల్లో సర్క్యులర్ తెచ్చి చదివాడు. సాసరు కప్పునకు అనుబంధ పాత్రగా పరిగణింపబడును. హాలంతా చప్పట్లు కొట్టారు.

మూడో సర్క్యులర్ వెయిటర్ల గురించి. తేనీరు సేవిస్తున్న అతిథిని పలకరించుట, తొందరపెట్టుట, ఛాయాచిత్రం తీయుట నిషిద్ధం, విరామానుభూతికి భంగం. నాలుగోదానితో తనిఖీదారులు వచ్చారు. తెల్ల గ్లవుజులు తొడుక్కుని, బస్సు డ్రైవరు ఇంజిన్ ఆయిలు చూసినట్టు, చిన్న స్టీలు స్కేలు కప్పులో ముంచి, మట్టం చూసి రాసుకుపోతున్నారు. పావంగుళం, అరంగుళం, ముప్పావు. రెండు కొలతల మధ్య మట్టం పెరిగితే మంచినీళ్ళు కలిపినట్టు లెక్క. ఒక కుటుంబం అలా దొరికిపోయి పరుపు పోగొట్టుకుంది.

మూడింటికి చరిత్రాత్మకమైన తీర్పు వచ్చింది. కిటికీ పక్క ఒక ముసలమ్మ ఫ్యాను కింద కూర్చుంది. ఆవిడ కప్పులో టీ అంతా ఆవిరైపోయి అడుగున మీగడ మాత్రం మిగిలింది. ఆవిడ పేరున మనవరాలి సైకిలు ఉంది. స్కేలు ముంచడానికి ఏమీ లేదని తనిఖీదారు అన్నాడు. ఇదిగో ఇది టీ కాదా అని ముసలమ్మ వేలితో చూపించింది. త్రిలోచన్ కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు.

"మన సంస్థ అతిథి పక్షపాతి. మీగడ అనునది ఘనరూపంలో ఉన్న తేనీరు. అది ఉన్నంతవరకు నిలుపుదల ఉంటుంది," అన్నాడు.

అదే అయిదో సర్క్యులర్. మా వదిన దాన్ని శ్రద్ధగా విన్నది.

మూడూ పదిహేనుకి త్రిలోచన్ మైకు తీసుకుని ఆనందవార్త ప్రకటించాడు. తగ్గింపు సరుకు నూటికి నూరుపాళ్ళూ నిలుపుదలలో ఉంది, వాపసు వచ్చిన సరుకు సున్నా, ఫిర్యాదుల కౌంటరుకి ఒక్కరూ రాలేదు, ఈ ఘనత రాష్ట్రంలో ఏ దుకాణానికీ దక్కలేదు. ఫిర్యాదుల కౌంటరు కింద ఉంది, టీ వదిలి ఎవరూ కిందికి వెళ్ళలేరు. ఆ సంగతి అతను ప్రస్తావించలేదు.

ఈలోగా వారిజ తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. వదిన ఎదురుగా ఉండగా నేను, "పేషెంటు పరిస్థితి అలాగే ఉంది, పెద్ద డాక్టరు ఇక్కడే ఉన్నారు," అని చెప్పి పెట్టేస్తూ వచ్చాను. పేషెంటంటే చీరని వారిజకి అర్థమైంది, పెద్ద డాక్టరు ఎవరో అర్థం కాలేదు.

మూడున్నరకి నాకు దాహం వేసింది. నోరు ఎండిపోయి, కోర్టు ఎదురుగా ఉన్న టీకొట్టు గుర్తొచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు నేనూ, టైపిస్టు శేషయ్యా అక్కడ ఏ రోజూ చెరో టీ తాగలేదు. వన్ బై టూ. ఒక టీ, రెండు గ్లాసులు. ఒక్కోసారి నేను ముందు తాగేసి డ్యూటీకి పరుగెత్తేవాణ్ణి. శేషయ్య తన సగం పట్టుకుని తాపీగా కూర్చునేవాడు.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఒక టీ ఇద్దరిది. ఒకడు తన సగం తాగి ముగించాడు, ముద్ర పడుతుంది. రెండోవాడి సగం ఇంకా ఉంది, నిలుపుదల నిలుస్తుంది. ముద్రా, సరుకూ ఒకే చోట.

వదినకి గుసగుసగా వివరించాను. ఆవిడ చదువుకున్నది కాకపోయినా నలభైమంది ఆడవాళ్ళని బస్సులెక్కించే మనిషి. ఒక్కసారికే అర్థమైంది. కానీ ఎవరు ముందు తాగాలన్న దగ్గర ఆగింది.

"నువ్వు కిందికెళ్ళి చీర పట్టుకుని అటే పోతే?"

"వారిజ కోసమే కదా వదినా ఇద్దరం కొనేది."

"కొన్నాక పైకి తీసుకురా. నేను చూడాలి," అంది.

త్రిలోచన్‌ని పిలిచి వన్ బై టూ కావాలన్నాను. అతను మెనూ తిరగేశాడు. ఆ పేరున వంటకం లేదన్నాడు. అది వంటకం కాదని, విజయవాడలో ఏ టీకొట్టు ముందైనా నిలబడితే తెలుస్తుందని చెప్పాను.

"అతిథికి ఒక కప్పు, కప్పునకు ఒక అతిథి. అదే మా విరామ తత్వానికి పునాది. కప్పుని విభజించడమంటే అనుభూతిని విభజించడం," అన్నాడు.

"కప్పుని విభజించమనడం లేదు బాబూ. హక్కుని విభజించమంటున్నాను. మీ నియమావళిలో ఒక కప్పుకి ఒకే అతిథి అని ఎక్కడ రాశారో చూపించండి. నిషేధించని పని అనుమతించినట్టే. ఉమ్మడి ఆస్తికి ఇద్దరు వాటాదారులుంటారు, ఒకరు వాటా వదులుకుంటే రెండోవాళ్ళ హక్కు పోదు."

అతను నియమావళి మొత్తం చదివాడు. రాయలేదు. పైకి ఫోన్ చేశాడు. ఆ పైనా ఎవరికో ఫోన్ చేశారు. నలభై నిమిషాలకి ఒక దరఖాస్తు వచ్చింది. సంయుక్త తేనీటి ఒప్పందం. మొదటి వాటాదారు, రెండవ వాటాదారు, ఇరువురి మధ్య బంధుత్వం. వదిన, మరిది అని రాశాను. నా రెండో వరస టోకెను వెనక్కిచ్చేశాను. ఒకే మనిషి ఒకే కేసులో వాదీ, ప్రతివాదీ కాకూడదు కదా. తనిఖీదారు వచ్చి వదిన కప్పులో టీని మరో కప్పులోకి సరిగ్గా సగం పోశాడు. ఆరో సర్క్యులర్ గోడకెక్కింది.

హాలంతా లేచి నిలబడి చూస్తుండగా నేను నా సగం తాగాను. ఆరు గంటల క్రితం కలిపిన టీ అది. రుచి గురించి చెప్పను. ఉమ్మడి టోకెను మీద ముద్ర పడింది. మెట్లమీంచి పరుగెత్తాను.

కింద కౌంటరులో అరకి ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. మస్తాన్ ముద్ర చూసి, దీపం చూసి, మళ్ళీ ముద్ర చూశాడు. లోపల్నుంచి చీర తెచ్చి, రెండు చేతులతో నా చేతిలో పెట్టాడు. బిల్లింగు అమ్మాయి కుర్చీలో కునుకుతోంది. నిద్రలేచి, మిషన్ ఎలా వెయ్యాలో మర్చిపోయానని, ఒక్క నిమిషం ఆగమని బతిమాలింది. నాలుగూ యాభైకి స్వర్ణమేఘ ఆషాఢం సేల్‌లో మొదటి బిల్లు పడింది.

అలాగే గుమ్మం దాటి ఆటో ఎక్కి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. బెంచి క్లర్కుని. ఒప్పందం మీద సంతకం చేశాను. పైకి వెళ్ళాను.

మందిరం రూపు మారిపోయింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కప్పులు కలుపుకుని వాటాదారులవుతున్నారు. గుంటూరు సాసరు ఆయన మిక్సీ ఆవిడతో బంధుత్వం ఏమని రాయాలో తేలక తలపట్టుకుని ఉన్నాడు.

వదిన చీర విప్పి, హంసల మెడలు తడిమి చూసి, తృప్తిగా మడిచింది. తర్వాత నా నెత్తిన పిడుగు వేసింది.

"వారిజకి చెప్పు. రేపు సారెకి తనూ రావాలి. అక్కాచెల్లెళ్ళం ఇద్దరం జంటగా ఇవే చీరలు కట్టుకుని కొండెక్కుదాం. ఎవరైనా అడిగితే, చెల్లెలికీ నేనే నేయించానంటాను. అమ్మవారు చల్లగా చూస్తుంది."

రెండు చీరలు. నా చేతిలో ఉన్నది ఒకటే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎందరో నిందితులు ఎప్పుడు నేరం ఒప్పుకుంటారో చూశాను. దారులన్నీ మూసుకున్నప్పుడు.

"వదినా, అది జత కాదు. అది మీదే," అన్నాను. ఇస్త్రీపెట్టె, ఫోన్, రెండో నిమిషం, వాసన, అన్నీ చెప్పేశాను.

ఆవిడ తాబేలు ఉంగరాన్ని మూడుసార్లు తిప్పింది. తిడుతుందని తల వంచుకుని కూర్చున్నాను.

"పైటకొంగేనా?" అంది చివరికి.

"పైటకొంగే. హంసలకేం కాలేదు."

"పోయింది వెధవ కొంగు," అని ఆవిడ చుట్టూ చూసి, ముందుకి వంగింది. "మరిదీ, నేను గద్వాల ఎప్పుడూ వెళ్ళలేదు. పోయిన ఆషాఢంలో ఇక్కడే, ఇదే సగం ధరకి కొన్నాను. ఆ కరపత్రం తెనాల్లో ఇంటింటికీ పడింది. రేపు నాతో వచ్చే నలభైమందీ చూస్తారు. ఉన్న ఒక్క పీసూ కొనేస్తే ఇంకెవరి ఒంటి మీదా కనబడదు, కరపత్రంలోది కాపీ అని బొంకొచ్చని వచ్చాను."

ఇద్దరం ఒకే కప్పు టీని పంచుకున్నవాళ్ళం. నేరాలు పంచుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కొంగు సంగతి ఆవిడ ఎవరికీ చెప్పదు, సగం ధర సంగతి నేను ఎవరికీ చెప్పను. వారిజకి కూడా.

సరిగ్గా అప్పుడు బ్యాండు మోగింది.

లిఫ్టులోంచి ఎం.డి.గారు దిగారు. వెనక పూలదండ, ఒక ఫొటోగ్రాఫరు, ఇద్దరు మోస్తున్న పెద్ద అట్ట. అట్ట మీద అడుగెత్తు అక్షరాలు. ఆషాఢం సగం ధర, తొలి విజేతలు. మా ఇద్దరి ఫొటో చీరతో సహా రేపటి పేపరులోనూ, బందరు రోడ్డు కూడలి హోర్డింగుల మీదా వేస్తారట. త్రిలోచన్ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

వదిన ముఖం చీర రంగుకి తిరిగింది. కొండ దిగి వచ్చే నలభైమంది బస్సు ఆ హోర్డింగు కిందనుంచే వెళ్ళాలి.

ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. వదిన తన కప్పు ఎత్తింది. పెదాలకి ఆనించి, దించింది.

"బాబూ, నేనింకా టీ తాగుతున్నాను," అంది.

త్రిలోచన్ ఉలిక్కిపడి ఫొటోగ్రాఫరు చెయ్యి పట్టుకున్నాడు. మూడో సర్క్యులర్. సేవిస్తున్న అతిథిని ఛాయాచిత్రం తీయరాదు. సంయుక్త విజేతలు కాబట్టి నన్ను ఒక్కణ్ణీ తీయడానికీ లేదు. తన నియమావళి ఇంత చక్కగా అమలవుతున్నందుకు ఎం.డి.గారు పొంగిపోయారు. ఆవిడ ముగించేవరకు వేచి ఉంటామని కుర్చీ వేయించుకున్నారు.

అయిదూ పది. తనిఖీదారు స్కేలు ముంచాడు. పావంగుళం. అయిదున్నర. పావంగుళం. వదిన మధ్యమధ్య కప్పు ఎత్తినప్పుడల్లా ఫొటోగ్రాఫరు లేచేవాడు, దించినప్పుడల్లా కూర్చునేవాడు. ఆవిడ ఎం.డి.గారిని పలకరించి విదేశయాత్ర విశేషాలు అడిగింది. ఆయన ఉత్సాహంగా చెప్పారు. ఫ్యాను కింద టీ మెల్లగా ఇంకిపోయింది. ఆరింటికి స్కేలుకి తడి అంటలేదు.

"అయిపోయింది సార్," అన్నాడు తనిఖీదారు.

వదిన కప్పుని త్రిలోచన్ వైపు వంచి చూపించింది. అడుగున గోధుమరంగు మీగడ, గుండ్రంగా, నిక్షేపంలా ఉంది.

"అయిదో సర్క్యులర్, నాయనా," అంది.

ఎం.డి.గారు త్రిలోచన్ వైపు చూశారు. త్రిలోచన్ గోడ వైపు చూశాడు. మీగడ ఎండిపోయినా మీగడే, దానికి గడువు లేదు. ఆరూ ఇరవైకి ఫొటోగ్రాఫరు, ఏడింటికి ఒక నిశ్చితార్థం ఉందని, కెమెరా సర్దుకుని వెళ్ళిపోయాడు. లిఫ్టు తలుపులు మూసుకునే దాకా వదిన ఆగింది. తర్వాత చెంచాతో మీగడ తీసి నోట్లో వేసుకుని, కళ్ళు గట్టిగా మూసి మింగి, లేచి నిలబడింది.

"పద మరిదీ. వారిజ ఎదురుచూస్తూ ఉంటుంది."

మేము బయటికి వస్తుంటే త్రిలోచన్ స్టూలెక్కి ఏడో సర్క్యులర్ అతికిస్తున్నాడు. మీగడ ఇకమీదట తేనీరు కాదు.

ఆటోలో కూర్చున్నాక ఫోన్ మోగింది. వారిజ గొంతు గుసగుసగా, కానీ ఆటో చప్పుడులో కూడా పక్కవాళ్ళకి వినబడేటట్టే ఉంది.

"అక్క ఇంకా రాలేదండీ, మన అదృష్టం. చీర దొరికిందా?"

"దొరికింది."

"కొత్తదని తెలిసిపోతుంది. మడతలు విప్పి, కాస్త నలిపి తీసుకురండి. అక్క కళ్ళు మామూలువి కావు."

నేను వదిన వైపు చూశాను. ఆవిడ అప్పటికే సంచీలోంచి చీర తీసి ఒళ్ళో వేసుకుంది. ధర చీటీ చింపి రోడ్డు మీదికి వదిలేసింది. గోరింటాకు వేళ్ళతో హంసల్ని పట్టుకుని, నిదానంగా, శ్రద్ధగా నలపడం మొదలుపెట్టింది.

"ఎంత నలపాలో అడుగు," అంది.